ఇసుకని ఎవరు చూశారు?

మా డిపార్ట్‌మెంట్ అల్మారాలో ఏ థీసిస్ తీసినా మొదటి వాక్యం దాదాపు ఒకటే. తీరప్రాంతం నిరంతరం మారుతూ ఉంటుందనీ, దాని మీద మనిషి ఒత్తిడి పెరిగిపోతోందనీ. రాసినాయన భావనపాడులో పనిచేసి ఉండొచ్చు, కాకినాడలోనో నిజాంపట్నంలోనో చేసి ఉండొచ్చు. మూడో పేజీ దాటేదాకా ఏ ఊరి సముద్రమో తెలీదు. కొత్తగా చేరినవాళ్లకి ఆ వాక్యం ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు. అది ఎవరూ కాదనలేని మాట. కాదనలేని మాటలు రాస్తున్నంతసేపూ మనల్ని ఎవరూ ఏమీ అడగరు.

నేను బీచ్ ఇసుక మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. విశాఖపట్నంలో కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి పెదజాలరిపేట, లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, రుషికొండ మీదుగా భీమిలి దాకా ఎంచుకున్న చోట్ల నెలనెలా ఒడ్డు వాలు కొలవడం, ఇసుక తెచ్చి జల్లించడం నా పని. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. తర్వాత కొన్నేళ్లు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, ఇంట్లో అందరూ "ఇప్పుడీ వయసులో ఎందుకేటి?" అంటుండగా ఇందులో చేరాను. ఈ మధ్య మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చిన ఇద్దరు పిల్లలు పదేపదే ఒకటే అడుగుతున్నారు. "అక్కా, అకడమిక్ ఇంగ్లీషు ఎలా వస్తుంది? మనది మనలాగే వినిపించాలంటే ఏం చెయ్యాలి?" టీ తాగుతూ చెప్పడానికి కుదిరే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. వాళ్లు అడిగింది ఇంగ్లీషు గురించి. నేను చెప్పబోయేది ఎక్కువగా ఇసుక గురించి.

ఒడ్డున తీసిన ఇసుకని కడిగి ఉప్పు పోగొట్టి, ఓవెన్‌లో ఆరబెట్టి, కుప్పపోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసుకుంటూ 100 గ్రాములకి తెస్తాం. పైన పెద్ద కన్నువి, కింద చిన్న కన్నువి వచ్చేట్టు జల్లెళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి షేకర్ మీద పెడతాం. ఏ జల్లెడలో ఎంత మిగిలిందో తూచి రాసుకుంటాం. ఆ తూకాల నుంచి సగటు రేణువు ఎంతుందో, రేణువులన్నీ ఒకే సైజువా కలగాపులగమా అన్నది లెక్క కట్టడానికి ఫోక్, వార్డ్ అనే ఇద్దరు 1957లో ఇచ్చిన సూత్రాలనే ఇప్పటికీ వాడతాం. ఆ రెండో లెక్క 0.5కీ 0.71కీ మధ్య పడితే ఆ ఇసుక పేరు "మోడరేట్లీ వెల్ సార్టెడ్", అంటే రేణువులు ఓ మోస్తరుగా బాగానే ఒకే సైజువి అని. సొంతగా వేరే మాట రాయడానికి అక్కడ జాగా లేదు. వైజాగ్ ఇసుకైనా టెక్సస్ ఇసుకైనా అదే పేరు.

టెక్సస్ అని ఊరికే అనలేదు. ఆ సూత్రాలున్న పేపర్ రాసింది అక్కడి బ్రాజోస్ నదిలో ఉన్న ఒక ఇసుక తిన్నె మీద. పేపర్ పేరే ఆ తిన్నె పేరుతో మొదలవుతుంది. ప్రపంచమంతా సూత్రం పట్టుకుని తిన్నెని వదిలేసింది. నాకైతే ఆ పేరు చూసినప్పుడల్లా బలం వస్తుంది. లోకానికంతటికీ పనికొచ్చే లెక్క రాసినవాళ్లు కూడా మొదట ఒక చోట, ఒక నదిలో, కాళ్లు తడుపుకునే నిలబడ్డారు. వాళ్లు "నదులు చైతన్యవంతమైన వ్యవస్థలు" అని మొదలుపెట్టి ఉంటే ఎవరికి గుర్తుండేది?

ఇక మా గైడ్ మేడమ్ సంగతి. ఎవరి డ్రాఫ్ట్ అయినా ఆవిడ వ్యాకరణం జోలికి పోరు. పెన్సిల్‌తో మార్జిన్‌లో తెలుగులో ప్రశ్నలు రాస్తారు. అన్నింటికంటే ఎక్కువసార్లు కనిపించేది "ఎవరు చూశారు?" అన్న ప్రశ్న. "ఇట్ హ్యాజ్ బీన్ అబ్జర్వ్డ్ దట్" అన్న ప్రతి చోటా ఆ ప్రశ్న పడుతుంది. జవాబులు వెతికితే మూడు రకాలు తేలతాయి. కొన్నిచోట్ల "నేనే చూశాను". కొన్నిచోట్ల "ఫలానా సంవత్సరంలో ఫలానావాళ్లు చూశారు". కొన్నిచోట్ల "ఎవరూ చూడలేదు, అందరూ అలా అనుకుంటారు". ఈ మూడూ కర్మణి వాక్యంలో పక్కపక్కనే, ఒకే మొహంతో కూర్చుని ఉంటాయి. చదివేవాడికి ఏది ఏదో తెలిసే దారి ఉండదు. మేడమ్ ప్రశ్న మీకు చాదస్తంలా అనిపించొచ్చు. నాకు తెలిసినంతలో కొత్త పరిశోధకులకి గొంతు అనేది ఏర్పడేది ఈ మూడింటినీ విడదీసే చోటే.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది మా బీచ్ మీద రాసే ప్రతివాళ్లకీ ఎదురయ్యేదే. 1950లలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వచ్చి పనిచేశాడు. ఆయనా ప్రసాదరావుగారూ కలిసి 1954లో వాల్తేరు దగ్గర బీచ్ కోత చక్రాల మీద పేపర్ వేశారు. మా థీసిస్‌లలో ఆ పేపర్ ఎక్కడుంటుందంటే, "నైరుతి రుతుపవనాల్లో ఒడ్డు కోసుకుపోయి తర్వాత మళ్లీ పూడుకుంటుంది" అన్న వాక్యం చివర, బ్రాకెట్‌లో, ఇంకో అరడజను పేర్లతో కలిసి. పెళ్లి గ్రూప్ ఫొటోలో వెనక వరసలో నిలబడ్డ పెదనాన్నలా.

కానీ లాఫాండ్ చూసిన బీచ్ వేరు. లోపలి హార్బర్ 1933లోనే తెరిచారు గానీ, సముద్రంలోకి పొడుచుకొచ్చిన గోడలతో బయటి హార్బర్ వచ్చింది 1976లో. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం కెరటాలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. చలికాలంలో కొన్నాళ్లు ఎదురు నడుస్తుంది గానీ మొత్తం మీద లెక్క ఉత్తరానికే. డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర గోడలు ఆ నడకకి అడ్డం పడితే వెంటనే ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి రావాల్సిన ఇసుక రాదు. అందుకే పోర్టువాళ్లు గోడ దగ్గర ఇసుక పడేలా గొయ్యి ఉంచి, డ్రెడ్జర్‌తో తవ్వి, ఆ ఇసుకని ఆర్కే బీచ్ మీద పోస్తారు. మరి "ఒడ్డు మళ్లీ పూడుకుంది" అని ఇవాళ నేను రాస్తే పూడ్చింది ఎవరు? సముద్రమా, డ్రెడ్జరా? 1954 పేపర్‌ని బ్రాకెట్‌లోంచి బయటికి తీసి "వాళ్లు కొలిచినప్పుడు బయటి హార్బర్ లేదు, నేను కొలుస్తున్నప్పుడు ఉంది, అందుకని ఆ ఫలితాన్ని ఆర్కే బీచ్‌కి యథాతథంగా వాడుకోను, భీమిలి వైపు చోట్లకి మాత్రం పోల్చి చూస్తాను" అని రాశాను. ఈ వాక్యంలో అలంకారం ఏమీ లేదు. ఇంగ్లీషులో కూడా ఇంటర్మీడియట్ పిల్లలకి అర్థమయ్యేంత మామూలుగా ఉంటుంది. అయినా ఆ అధ్యాయంలో నాదని చెప్పుకోదగ్గ మొదటి వాక్యం అదే.

పరిచయ అధ్యాయాల గురించి జాన్ స్వేల్స్ అనే ఆయన 1990లో ఒక నమూనా ఇచ్చాడు, కోర్స్‌వర్క్‌లో మాకు చెప్పారు కూడా. ముందు పొలం చూపించు, తర్వాత అందులో ఖాళీ జాగా చూపించు, తర్వాత నువ్వు అందులో నిలబడు అన్నట్టుగా మూడు అడుగులు. నమూనా మంచిదే. మనవాళ్లతో వచ్చిన చిక్కేమిటంటే మొదటి అడుగు పది పేజీలు వేసి, రెండో అడుగు "ఈ ప్రాంతం మీద తగినన్ని అధ్యయనాలు లేవు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. విశాఖ బీచ్ మీద తగినన్ని అధ్యయనాలు లేవా? డెబ్బై ఏళ్లుగా జల్లిస్తూనే ఉన్నారు కదా!

ఫీల్డ్ నోట్‌బుక్ గురించి చెప్పాలి. నేను ఒడ్డున తెలుగులోనే రాసుకుంటాను, వచ్చీరాని బొమ్మలతో. ఒకసారి జులైలో సముద్రం బాగా రేగిన వారం తర్వాత జోడుగుళ్లపాలెం దగ్గర రాసుకున్నది ఇలా ఉంది: "గట్టు అంచు నిలువునా కోసుకుపోయింది. కోత కింద నల్ల ఇసుక, బెత్తెడు మందం. పైన తెల్లది లేదు. నల్లదాంట్లో గులాబీ జీర. పోయిన నెల ఇక్కడ ఇది లేదు." జరిగిందేమిటంటే, పెద్ద కెరటాలు తేలికపాటి క్వార్ట్జ్‌ని లాక్కుపోయి, ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలని ఉన్నచోటే వదిలేశాయి. ఆ గులాబీ జీర గార్నెట్‌ది. ఇవన్నీ మన తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు అరిగి వచ్చినవే. ల్యాబ్‌లో బ్రోమోఫార్మ్ అనే బరువైన ద్రవంలో వేస్తే క్వార్ట్జ్ తేలి ఇవి మునుగుతాయి, తూకం తెలుస్తుంది.

ఇదే సంగతి అలవాటైన అకడమిక్ భాషలో రాస్తే "రుతుపవన కాలంలో భారఖనిజాల శాతం పెరిగినట్టు గమనించబడింది" అవుతుంది. తప్పేమీ లేదు. కానీ ఎక్కడ, ఎంత మందం, దేని తర్వాత, అంతకు ముందు ఏముండేది అన్నవన్నీ ఎగిరిపోయాయి. ఇంకొకడు వచ్చి దాన్ని పరీక్షిద్దామంటే పట్టుకోవడానికి ఏమీ లేదు. నేను అధ్యాయంలో నోట్‌బుక్ వాక్యాలనే దాదాపు అదే వరసలో ఉంచాను. ఫలానా తారీఖున, కోత కింద, ఇంత మందం నల్ల పొర, గత నెల అదే గీత మీద (ఒడ్డుకి అడ్డంగా నేను నెలనెలా వాలు కొలిచే వరసని గీత అంటాను) అది లేదు. దాని తర్వాతే బ్రోమోఫార్మ్ అంకె. నోట్‌బుక్‌లో ఉన్న "గులాబీ జీర" మాత్రం చాలాసేపు ఆలోచించాక ఉంచాను, ఎందుకంటే గార్నెట్ ఉందని కంటికి తెలిసిన మొదటి గుర్తు అదే. అందం కోసమైతే కొట్టేసేదాన్ని.

"సజెస్ట్స్", "ఇండికేట్స్", "షోస్", "కన్ఫర్మ్స్". పిల్లలు వీటిని ఒకే మాట మళ్లీ మళ్లీ రాకుండా ఉండటానికి తిప్పితిప్పి వాడతారు, స్కూల్లో పర్యాయపదాలు నేర్పించినట్టు. కెన్ హైలాండ్ అనే భాషాశాస్త్రవేత్త గట్టిగా అనకుండా తగ్గించి చెప్పే ఇలాంటి మాటల మీదే ఏళ్ల తరబడి పనిచేశాడంటే ఇవి ఎంత బరువైనవో చూడండి. ఒక్కో క్రియ ఒక్కో రకం పూచీ. నా గీత మీద నేనే నెలనెలా లెవెల్ (ఎత్తుపల్లాలు చూసే పరికరం) పెట్టి కొలిచినదానికి "చూపిస్తోంది" అంటాను. అంకెలు ఒక వైపు మొగ్గుతున్నా ఇంకో కారణం ఉండే వీలుంటే "సూచిస్తోంది" అంటాను. రెండు కథలకీ అంకెలు సమానంగా సరిపోతుంటే రెండు కథలూ చెప్పి ఊరుకుంటాను. "కన్ఫర్మ్స్" అన్నది ఇప్పటిదాకా వాడలేదు, వాడే అవసరం రాలేదు. మా బాపతు తెలుగు మీడియం వాళ్లకి ఇంకో జబ్బు ఉంటుంది, భయంతో ఒకే వాక్యంలో "మే", "పాసిబ్లీ", "సజెస్ట్" మూడూ పెట్టేస్తారు. చెప్పినవాడే చెప్పలేదని పారిపోయినట్టుంటుంది. ఒక వాక్యానికి ఒక అనుమానం చాలు.

మా తమ్ముడు ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాడు. వారం ఫలితాలు వాడికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టడం నాకు అలవాటు. మొదట్లో ఊసుపోకకే పెట్టేదాన్ని. "అక్కా, ఇంతకీ నీ కొలతలో ఎంత తేడా వస్తే అది నిజం తేడా, ఎంత దాకా నీ చెయ్యి వణుకు?" అని వాడు ఒకసారి అడిగాడు. లేత్ మీద పనిచేసేవాడికి అది మొదటి ప్రశ్న. మా అధ్యాయాల్లో చాలావాటిలో ఆ సంగతి ఎక్కడా ఉండదు. లెవెల్‌తో కొలిచేటప్పుడు స్టాఫ్, అంటే అంకెలున్న కొలకర్ర, తడి ఇసుకలో కాస్త దిగబడుతుంది, గాలికి ఊగుతుంది. అందుకని ఒకే గీతని ఒకే పూట మళ్లీ కొలిచి, ఆ తేడా ఎంతుందో ముందు రాసి, అంతకంటే చిన్న మార్పులని మార్పులుగా లెక్కపెట్టనని పద్ధతుల అధ్యాయంలో పెట్టాను. ఆ పేరా మొదటి డ్రాఫ్ట్ తమ్ముడికి పెట్టిన వాయిస్ మెసేజే. విని, కాగితం మీద తెలుగులో దింపుకుని, ఆ తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లాను. వాడు అడగని ప్రశ్నలకి జవాబులు అధ్యాయంలో ఉంటే అవి చాలావరకు అక్కర్లేనివేనని కూడా తేలింది.

"నేను" అని రాయొచ్చా అన్నది పెద్ద గొడవ. మా కమిటీలో ఒక సార్ నా డ్రాఫ్ట్ చూసి "డైరీ రాస్తున్నావేమ్మా?" అన్నారు. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. "నేను" పెట్టిన ప్రతివాడూ నిజాయితీపరుడైపోడు. అలాగని శాస్త్రంలో మనుషుల్ని దాచడం సనాతన ధర్మమూ కాదు. వాట్సన్, క్రిక్ 1953లో డీఎన్ఏ నిర్మాణం మీద రాసిన ఒక పేజీ పైచిలుకు పేపర్ "మేము" అన్న మాటతోనే మొదలవుతుంది. నేను కుదుర్చుకున్న పద్ధతి ఇది. ఎవరు చేసినా ఒకేలా వచ్చే పనికి, అంటే కడగడం, ఆరబెట్టడం, జల్లించడం, వీటికి కర్మణి వాక్యం చక్కగా సరిపోతుంది. నిర్ణయం జరిగిన చోట "నేను". నీటి అంచున కాకుండా గట్టు మధ్యలో ఇసుక ఎందుకు తీశాను? రుషికొండకి 2020లో శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, అక్కడ ఒడ్డుని శుభ్రం చేస్తుంటారు, జనం తొక్కిడీ ఎక్కువే. అందుకని అక్కడ గీతని జనం ఉండే భాగం దాటించి ఉత్తరానికి జరిపాను. ఇది ప్రకృతి నియమం కాదు, నా ఎంపిక. "గీత జరపబడింది" అని రాస్తే దానికి జవాబుదారు ఎవరూ ఉండరు. సార్ సగం ఒప్పుకున్నారు. మిగతా సగం వైవాకి దాచుకున్నారని నా నమ్మకం.

ఈ విషయంలో నాకు నచ్చే మనిషి మన జిల్లాలోనే పుట్టాడు, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిన ఎస్.రాయవరంలో. గురజాడని మనం నాటకానికీ గేయానికీ గుర్తుపెట్టుకున్నాం. 1914లో, వాడుక భాష గొడవ నడుస్తున్నప్పుడు, తెలుగు కాంపోజిషన్ సబ్‌కమిటీలో మెజారిటీతో విభేదించి ఆయన ఇచ్చిన అసమ్మతి పత్రాన్ని చదివేవాళ్లు తక్కువ. కమిటీ నివేదిక కన్నా గట్టి ఫార్మాట్ ఇంకేముంటుంది? ఇంగ్లీషులో, ఆఫీసు పద్ధతిలో, ఉదాహరణ మీద ఉదాహరణ పేరుస్తూ రాశాడు. ఫార్మాట్ కట్టుబాటులో ఉండి కూడా అది ఎవరు రాశారో ఒక్క పేజీలో తెలిసిపోతుంది. అది కోపం వల్ల కాదు. ఎవరితో ఏ పాయింట్ దగ్గర విడిపోతున్నాడో కచ్చితంగా చెప్పడం వల్ల. మా సాహిత్య సమీక్ష అధ్యాయాలు పది మందినీ పొగిడి ఎవరితోనూ విడిపోవు.

సిమిలారిటీ శాతం గురించి, అంటే మన రాత ఇతరుల రాతతో ఎంత కలిసిందో సాఫ్ట్‌వేర్ చెప్పే అంకె గురించి, రాయకపోతే జూనియర్లు ఊరుకోరు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు దిద్దిన ప్రతి ఇవ్వడానికి కూడా వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ అంకెల భయంతో ఊళ్లో "శాతం తగ్గించి పెడతాం" అనే చిన్న వ్యాపారం కూడా నడుస్తోంది. వాళ్లు చేసేది మాటకి మాట మార్చడం. "మోడరేట్లీ వెల్ సార్టెడ్" అన్నదాన్ని "రీజనబ్లీ నైస్లీ అరేంజ్డ్" చేసిన పేజీ నేను కళ్లారా చూశాను. అది ఒక సాంకేతిక పదం, వెనక ఒక అంకె ఉంది, మారిస్తే అర్థమే లేదు. నిజానికి ఆ నిబంధనల్లోనే సాధారణ సాంకేతిక పదాలు, ప్రామాణిక సమీకరణాలు, సరిగా పేరు చెప్పి ఉటంకించినవి, రిఫరెన్సులు లెక్కలోకి రావని ఉంది. కాకతాళీయంగా కలిసే మాటలకి వరసగా 14 దాకా మినహాయింపు కూడా ఉంది. చదివేవాళ్లేరీ?

ఈ మాటల మార్పిడి ఎంత దూరం వెళ్లిందంటే, 2021లో కబనాక్, లాబే, మగజినోవ్ అనే ముగ్గురు అచ్చయిన పేపర్లలోంచి ఇలాంటివి ఏరి వాటికి "టార్చర్డ్ ఫ్రేజెస్" అని పేరు పెట్టారు. "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" కాస్తా "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయింది, "బ్రెస్ట్ క్యాన్సర్" కాస్తా "బోసమ్ పెరిల్" అయింది. నవ్వొస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. సాఫ్ట్‌వేర్ కొలిచేది పక్కవాడితో ఎంత కలిసిందన్నది మాత్రమే. సున్నా శాతం వచ్చిన అధ్యాయంలో రాసినవాళ్ల జాడ ఒక్కటీ లేకపోవచ్చు.

ఏఐతో దిద్దించుకోవచ్చా అంటే, నేను చేసి చూసిన ఒక పరీక్ష చెప్తాను. "నాలుగు గీతల్లో గట్టు మళ్లీ కట్టుకుంది, ఒక గీతలో కట్టుకోలేదు, కారణం ఈ కొలతల్లో లేదు" అన్న నా పేరా ఇచ్చి ఇంగ్లీషు బాగుచెయ్యమన్నాను. తిరిగొచ్చింది నున్నగా ఉంది. బీచ్ "చెప్పుకోదగ్గ పునరుద్ధరణ సామర్థ్యం" చూపించిందట. ఐదో గీత మాయం. నా వ్యాకరణం బాగుపడింది, నా ఫలితం మారిపోయింది. కామాలు, ఆర్టికల్స్ సరిచేయించుకోండి, అది తప్పని నేననను. క్రియలని మాత్రం ముట్టుకోనివ్వకండి. నేను ఇప్పుడు అడిగేది ఒకటే: ఏ వాక్యం రెండు రకాలుగా అర్థమవుతోందో చూపించు, మార్చకు.

ఒక జర్నల్ సమీక్షకుడు "ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి చేత దిద్దించండి" అని రాశాడు. ఇది మనవాళ్లందరికీ ఏదో ఒకరోజు వస్తుంది. ఏ వాక్యం అర్థం కాలేదో మాత్రం అతను చెప్పలేదు. మేడమ్ సలహా మీద వాక్యాల పొడవు తగ్గించి, ఐదో గీత పేరాని ముట్టుకోకుండా తిరిగి పంపాను. రెండో విడతలో ఇంగ్లీషు మాటే ఎత్తలేదు, ఐదో గీత గురించి రెండు మంచి ప్రశ్నలు వచ్చాయి. వాటి మీద ఇంకా పని చేస్తున్నాను.

ఇప్పుడు నా థీసిస్‌లో అన్నింటికంటే ఎక్కువ వాదన నడుస్తున్న పేరా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం కదా, ఆ రోజుల్లో పెదజాలరిపేట ఒడ్డున తీరిగ్గా మాట్లాడేవాళ్లు దొరుకుతారు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా సంచులు చూసి, "ఏటమ్మా, ఇసక మూటలు కట్టుకెల్తన్నావు. ఇది సముద్రం ఇసకో పోర్టోడి ఇసకో సూసుకున్నావేటి?" అన్నాడు. డ్రెడ్జర్ పోసే ఇసుక గురించి నాకు కాగితాల్లో తెలుసు. ఆయనకి అది ఏ నెలలో పోస్తే ఏ నెలకి తన పడవ లాగే చోటికి చేరుతుందో తెలుసు. అవతలి వైపు నుంచి నడిచి వస్తున్న మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు.

దాంతో నా అధ్యాయం వరస మారింది. అంతకుముందు దక్షిణం నుంచి ఉత్తరానికి స్టేషన్ నంబర్ల వరసలో ఉండేది. ఇప్పుడు పోసిన ఇసుక చేరే చోట్లు ఒక భాగం, చేరని చోట్లు ఇంకో భాగం, మధ్యలో తెలియని చోట్లు మూడో భాగం. మూడో భాగమే పెద్దది. ఎందుకంటే పోర్టు తవ్వి పోసేది కూడా దక్షిణం నుంచి కొట్టుకొచ్చిన ఇసుకే. ఖనిజాలు చూసి ఇది సముద్రం తెచ్చింది, ఇది డ్రెడ్జర్ తెచ్చింది అని విడదీయడం నా పద్ధతులతో కుదరదు. ఆ మాట అధ్యాయంలో పెద్దక్షరాలతో రాసినంత పని చేశాను.

ఆ పెద్దాయన్ని థీసిస్‌లో ఎక్కడ పెట్టాలన్నదే తగవు. "స్థానిక మత్స్యకారుల కథనం ప్రకారం" అన్న రెడీమేడ్ వాక్యం ఉంది. దానికి మేడమ్ మార్జిన్‌లో వరసగా రాశారు: "ఎంతమంది? ఎప్పుడు? నువ్వు అడిగావా, వాళ్లే చెప్పారా?" ఒక్కరే. నిషేధం రోజుల్లో, ఫలానా తారీఖున. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. తర్వాత ఇంకొందరిని అడిగితే కొందరు అవునన్నారు, ఒకాయన అదేం కాదు పొమ్మన్నాడు. ఇవన్నీ ఉన్నదున్నట్టు, పేర్లు లేకుండా, వాళ్లని అడిగి మరీ రాశాను. కమిటీలో ఒకరు దీన్ని కృతజ్ఞతల పేజీకి మార్చమంటున్నారు. కృతజ్ఞతల పేజీలో అమ్మానాన్నలు, దేవుడు, ల్యాబ్ అటెండర్ ఉంటారు. అక్కడ ఉన్నవాళ్లు చెప్పినదాన్ని ఎవరూ పరీక్షించరు. ఈయన చెప్పింది పరీక్షకి నిలబడే మాట, ఏ నెలలో పోస్తే ఏ నెలకి చేరుతుందన్నది కొలవొచ్చు. నా తర్వాత వచ్చేవాళ్లు కొలవాలి కూడా.

వచ్చే నెల కమిటీ మీటింగ్ ఉంది. పేరా నాలుగో అధ్యాయంలోనే ఉంచి తీసుకెళ్తున్నాను. మరీ పట్టుబడితే ఫుట్‌నోట్‌లోకి దింపుతాను గానీ, తారీఖు, చోటు, కాదన్న ఆ ఒకాయన మాట, ఈ మూడూ దాంతోపాటే కిందికి వెళ్తాయి.